సోమవారం నుంచి బుధవారం దాకా

రాయి వచ్చిన రోజు నుంచీ నాకు అన్నం సయించలేదు.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి మా రెజిమెంటులో చేరి, డ్యూటీలో ప్రాణాలు పోగొట్టుకున్న పదకొండు మంది పేర్లు చెక్కిన నల్ల గ్రానైటు పలక అది. గడ్డి పరిచిన ట్రాలీ ఆటోలో తెచ్చారు. విజయనగరం శివార్లలో మా మాజీ సైనికుల సంఘానికి ఒక రేకుల హాలుంది. దాని ముందు దిమ్మ కట్టించి, నలుగురం చెయ్యేసి నిలబెట్టాం. సంఘానికి కార్యదర్శిని నేను. పేర్ల జాబితా రాసింది నేను, చెక్కేవాడికి ఇచ్చింది నేను. తప్పులేమైనా ఉన్నాయేమో చూడమని మా అధ్యక్షుడు సుబేదార్ మేజర్ గారు పురమాయిస్తే, కళ్ళజోడు సర్దుకుని ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చదివిందీ నేనే. అక్షరం తప్పు ఒక్కటీ లేదు. ఉండాల్సిన పన్నెండో పేరు లేదు, అంతే.

ఆ పేరు అసలు ఎందుకు లేదో ఈ రెండు జిల్లాల్లో నా ఒక్కడికే తెలుసు. కట్టుకున్నదానికి కూడా చెప్పలేదు. కంచం ముందు కూర్చుని మెతుకులు కెలుకుతుంటే ఆవిడ విసుక్కుంది. “ఏటయినాది నీకు? మీటింగు మీటింగంటూ ఏడాదికోపాలి ఇదే గోల. తింటే తిను, నేపోతే లెగిసిపో” అంది. లేచిపోయాను.

మా మీటింగు గురించి కాస్త చెప్పాలి. ఏటా ఒక ఆదివారం రెజిమెంటు ముసలాళ్ళందరం ఆ హాల్లో కలుస్తాం. బ్యాంకు గేటు దగ్గర గార్డులుగా చేసేవాళ్ళు, విశాఖ కంపెనీల్లో సెక్యూరిటీ చేసి మానేసినవాళ్ళు, జీడితోటలు చూసుకునేవాళ్ళు. మోకాళ్ళు వంగవు, పొట్టలు బెల్టుల మీదికి జారిపోతాయి, అయినా కోటుకి మెడల్స్ తగిలించుకుని నిలబడితే ఒకరినొకరు చూసుకుని మురిసిపోతాం. జెండా వందనం అయ్యాక హాజరు ఉంటుంది. బతికున్నవాళ్ళది కాదు, పోయినవాళ్ళది. సుబేదార్ మేజర్ గారు పోయినవాడి నంబరూ పేరూ పిలుస్తారు. వాడితో కలిసి పనిచేసినవాడు ఒకడు లేచి, మడమలు కలిపి, వాడి బదులు “హాజిర్ సాబ్” అంటాడు. బయటివాళ్ళకి ఇదంతా నాటకంలా కనిపించవచ్చు. కనిపించనీ, మాకేం? ఆ తర్వాతే బడాఖానా, అంటే అందరం కలిసి తినే విందు. ఈ ఏడు హాజరు కాగానే రాయి మీద గుడ్డ తీసి, ఆ తర్వాత వడ్డనకి కూర్చోవాలని అనుకున్నాం.

శుక్రవారం పొద్దున్న ఫోన్ మోగింది. ఆడమనిషి గొంతు.

“నమస్కారం బాబూ. మిలట్రీ సంగమోలేనా?”

అవునన్నాను. ఆవిడ తన ఊరు చెప్పింది, గజపతినగరం దగ్గర. భర్త పేరు చెప్పింది. చేతిలో ఉన్న టీ గ్లాసు అరుగు మీద పెట్టేశాను.

“ఆదివారం మీటింగంట కదా బాబూ. మా పక్కీదిలో ఒకాయన పోన్లో సూపించినాడు. నన్నెవులూ ఎప్పుడూ పిలవనేదు. అయినా ఈపాలి వస్తాను.”

“రండమ్మా, తప్పకుండా రండి” అన్నాను. అనక ఏం చేస్తాను?

“బోజనాలకీ సాలువాలకీ కాదు బాబూ. ఒక్క మాట అడగాల. అప్పట్లో మా ఆయన ఉన్న కంపినీ ఆపీసులో పని సేసినోలు ఎవులైనా వస్తారా?”

“కనుక్కుంటానమ్మా” అని నీళ్ళు నమిలాను. ఆ ఆఫీసులో పని చేసింది నేనే. నేనొక్కణ్ణే. ఆ ముక్క చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? చెప్పలేదు. ఫోన్ పెట్టేశాక నా మీద నాకే ఒళ్ళు మండి, టీ గ్లాసు తీసి పెరట్లోకి విసిరేశాను. స్టీలుది కాబట్టి పగల్లేదు.

ఇరవై రెండేళ్ళ కిందటి మాట. ఉత్తరాన మంచుకొండల్లో మా కంపెనీ ఉండేది. కింద ఆఫీసు బంకరు, పైన రెండు గంటల ఎక్కుడులో పోస్టు. కంపెనీ గుమాస్తాని నేను. సెలవు కాగితాలు, జీతాల కాగితాలు, ఎవడు వచ్చాడు, ఎవడు వెళ్ళాడు, అన్నీ నా చేతి మీదుగా పోవాలి. మా ప్రాంతం వాళ్ళం ముగ్గురమే ఉండేవాళ్ళం. నేను, మా వంటాయన, గజపతినగరం అతను. ఏటి, ఎలగ అని మనసారా మాట్లాడుకోవడానికి ఆ ముగ్గురమే. గజపతినగరం అతను నన్ను బావా అనేవాడు. చుట్టరికం ఏమీ లేదు, ఊరికే అలా పిలిచేవాడు. అతన్ని చూసి వంటాయనకీ అదే అలవాటయింది. నాకు ఆ పిలుపు ఎంత ఇష్టంగా ఉండేదో అప్పుడు తెలియలేదు.

అతనికి ఆడపిల్ల పుట్టింది. చూడ్డానికి సెలవు దొరికింది, సోమవారం నుంచి. మా పద్ధతి ప్రకారం, సెలవు మీద వెళ్ళేవాడు బండెక్కి గేటు దాటాకే “ఫలానావాడు సెలవు మీద వెళ్ళాడు” అని ఆర్డరు రాసి రికార్డు ఆఫీసుకి పంపాలి. గేటు దాటాకే. అదేమీ పెద్ద విద్య కాదు, మొదటి నెలలోనే నేర్పుతారు. కానీ టపా బండి శనివారం వెళ్తోంది. మళ్ళీ టపా బండి ఎప్పుడో తెలియదు. నెలాఖరు కాగితాలన్నీ ఒకేసారి తోసేస్తే నాకు పని తెమిలిపోతుంది. అందుకని సోమవారం వెళ్ళినట్టుగా శనివారమే రాసి, సంతకాలు చేయించి పంపేశాను. గుమాస్తాలందరూ చేసే పనే. నూటికి తొంభైసార్లు ఏమీ కాదు.

ఆదివారం అతను పోస్టు నుంచి పెట్టెతో కిందికి దిగాడు. ఆ సాయంత్రం మంచు మొదలయింది. సోమవారం బండి రాలేదు. మంగళవారం రాలేదు. నా బంకర్లోనే, నా స్టవ్ పక్కనే కూర్చున్నాడు. బండి వచ్చేదాకా అతను డ్యూటీలో ఉన్నట్టే లెక్క. నేను చెయ్యాల్సిందల్లా పాత ఆర్డరు రద్దు చేసి కొత్తది రాయడం. బండి ఎప్పుడొస్తే అప్పుడు రాద్దాంలే అనుకున్నాను.

బుధవారం పైన పోస్టులో కిరసనాయిలు అయిపోయింది. మోసుకెళ్ళాల్సిన ముగ్గురిలో ఒకడికి జ్వరం. అతను లేచి క్యాను భుజానికి తగిలించుకున్నాడు. “కూసోని ఏటి సేస్తాను బావా, ఎల్లొచ్చేస్తాను” అన్నాడు. నేను వద్దనలేదు. ఆ మధ్యాహ్నం వాలు మీది మంచు జారింది. మిగతా ఇద్దరూ బతికారు. అతన్ని మర్నాడు తవ్వి తీశాం.

కంపెనీ కమాండరు లేరు. ఆయన స్థానంలో ఉన్న చిన్న ఆఫీసరు నన్ను పిలిచి అడిగాడు, ఇతను సెలవులో ఉన్నాడా, డ్యూటీలోనా అని. అది ఒక్కటే ప్రశ్న. డ్యూటీ అంటే, మరి సెలవు మీద వెళ్ళినట్టు ఆర్డరు ఎందుకు పంపావంటారు. చార్జి వేస్తారు. నాకు ప్రమోషను దగ్గర్లో ఉంది, ఇంటి దగ్గర పెళ్ళి సంబంధం ఖాయమయింది. “సెలవులో ఉన్నాడు సాబ్. ఆర్డరు వెళ్ళిపోయింది” అన్నాను.

కాగితం కాగితంతో సరిపోయింది. సోమవారం నుంచి సెలవులో ఉండగా, బుధవారం, కొండ మీద నుంచి జారిపడి మరణం. శవపేటికతో పాటు ఊరికి వచ్చిన జవానుకి తెలుగు ముక్క రాదు. ఇంటికి పెన్షను మామూలుగానే వచ్చింది కాబట్టి ఎవరూ తిరగదోడలేదు. ఆ ప్రమాదం చూసిన ఇద్దరూ వేరే రాష్ట్రం వాళ్ళు. మా వంటాయన అప్పుడు సెలవులో ఉన్నాడు, తిరిగొచ్చాక ఏ రోజున ఏం జరిగిందని అడగనూ లేదు. రాయి మీద డ్యూటీలో పోయినవాళ్ళ పేర్లే ఉండాలని సంఘం తీర్మానం చేసినప్పుడు నేను మినిట్సు రాస్తూ కూర్చున్నాను. కార్యదర్శిని కదా!

ఆదివారం పొద్దున్న తొమ్మిదిన్నరకి ఆవిడ ఆటో దిగింది. ముతక నూలు చీర, చేతిలో చిన్న సంచీ. గేటు దగ్గర నిలబడి లోపలికి చూస్తోంది. ఎదురెళ్ళి ఆహ్వానించాల్సింది కార్యదర్శి. ఎదురెళ్ళాను.

“పోన్లో మాట్లాడింది మీరేనా బాబూ? కనుక్కున్నారా?”

“కనుక్కున్నానమ్మా. ఆ ఆఫీసు వాళ్ళెవరూ ఈ ఏడు రావట్లేదు” అన్నాను. అబద్ధం ఎంత సులువుగా వచ్చిందంటే, నాకే భయమేసింది.

ఆవిడ తల ఊపింది. నిరాశ పడ్డట్టు కూడా కనిపించలేదు, అలవాటైపోయిన మనిషిలా. “అలగే బాబూ. వచ్చినాను కదా, కూసుంటాను” అంది. ముందు వరసలో ఒక కుర్చీ చూపించాను. ఉప్మా పెట్టిస్తానంటే వద్దంది.

మా వంటాయన రామతీర్థం దగ్గరి మనిషి. బడాఖానా వంట ఇప్పటికీ ఆయన చేతిమీదే జరగాలి, వేరేవాణ్ణి గరిట ముట్టుకోనివ్వడు. ఆయన టీ కెటిల్ పట్టుకుని వరస పొడుగునా వస్తూ ఆవిడ ముందు ఆగాడు. ఎవరి తాలూకా అని అడిగాడు. ఆవిడ చెప్పింది. ఆయన కెటిల్ కింద పెట్టేశాడు.

“ఓలమ్మో! ఆడి పెల్లానివా నువ్వు? నా సేతి అన్నం ఎంత తిన్నాడమ్మా ఆడు! రొట్టిలు పారేసి అన్నం పెట్టు మావా అని పేనం తీసేసీవోడు” అన్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు. ఆవిడ ముఖంలో మొదటిసారి ఏదో కదిలింది.

“అయితే నీకు తెలుస్తాది బాబూ. ఆ సోమారం నుంచీ...”

“నానప్పుడు నేనమ్మా, సెలవులో ఉన్నాను. నాకేటీ తెల్దు.” అంటూనే ఆయన నా వైపు చెయ్యెత్తాడు. “ఈ బావనడుగు. ఆపీసంతా ఈయన సేతిలోనే ఉండీది. ఎవుడెప్పుడు తుమ్మినాడో కూడా రాసీవోడు.”

అందులో ద్వేషం లేదు, కుట్ర లేదు. నన్ను పొగిడానని అనుకున్నాడు పాపం. ఆవిడ తల తిప్పి నన్ను చూసింది. అప్పుడే బయట విజిల్ ఊదారు, జెండా వందనానికి. తప్పించుకున్న దొంగలా అందరికంటే ముందు బయటికి నడిచాను. వీపు మీద ఆ చూపు అలాగే ఉంది.

జెండా ఎగిరింది. అందరం లోపలికి వచ్చి కూర్చున్నాం. సుబేదార్ మేజర్ గారికి డెబ్భై ఏళ్ళు దాటాయి కానీ గొంతు విప్పితే రేకులు అదరాల్సిందే. జాబితా విప్పారు. నా దస్తూరీ. ఒక్కో పేరు పిలుస్తున్నారు, ఒక్కొక్కరు లేచి మడమలు కలిపి “హాజిర్ సాబ్” అంటున్నారు. ఒకటి. రెండు. మూడు. నా చొక్కా చెమటకి వీపుకి అంటుకుపోయింది. పదకొండో పేరుకి మా వంటాయన హాజరు పలికాడు. సుబేదార్ మేజర్ గారు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

ఆవిడ లేచి నిలబడింది.

“మా ఆయన్ని పిలవనేదు బాబూ.”

హాలంతా అటు తిరిగింది. సుబేదార్ మేజర్ గారు పేరు అడిగారు, చెప్పింది. ఆయన నా వైపు చూశారు. నేను నేల చూశాను. ఆయనే మర్యాదగా చెప్పారు. “అమ్మా, ఇది డ్యూటీలో పోయినోల్ల హాజరు. మీ ఆయన సెలవులో ఉండగా పోనాడు. మాకు బాధ నేకపోలేదు. కానీ రికార్డు అలగ ఉన్నాది.”

“ఆ రికార్డు నాకాడా ఉన్నాది బాబూ” అంది ఆవిడ. సంచీలోంచి తియ్యలేదు, చేత్తో తట్టి చూపించింది, అంతే. “నాకు మీ రాయి వద్దు. ఆ రాయి మీద పేరుంటే ఎంత, నేకపోతే ఎంత? నాకొక్కటే తెలియాల. సోమారం సెలవిచ్చినారు. బుదారం సచ్చిపోనాడు. మద్దిలో మూడ్రోజులు ఎక్కడున్నాడు? ఇంటికెందుకు రానేదు? అక్కడెవుతో ఆడది ఉన్నాదని మా మరిది అన్నాడు. తాగీసి కొండ మీద నుంచి పడిపోనాడని ఊరంతా అన్నాది. పెల్లాం మొకం సూడ్డం ఇష్టం నేక ఆడు దారి మల్లీసినాడని మా అత్త అన్నాది. ఇరవై రెండేల్లు ఇన్నాను. ఎవులన్నది నిజమో ఒక్కరు సెప్పండి. ఏదైనా పర్నేదు, ఓర్సుకుంటాను. తెలియాల నాకు.”

పైన ఫ్యాను కిర్రు కిర్రుమంటోంది. నాకు ఇంత వయసొచ్చి, ఆ క్షణంలో కూడా ఏం తోచిందో తెలుసా? ఇప్పుడు ఒకడు లేచి “పోన్లేమ్మా, కూర్చో” అంటే బాగుణ్ణు అని. ఇది గడిచిపోతే బాగుణ్ణు అని. సిగ్గులేని మనసు. రాయి మీద పేరు పోయిందని మాత్రమే ఇన్నాళ్ళూ అనుకున్నాను. నేనన్న ఒక్క మాట వాళ్ళింట్లో ఇలా కాపురం పెట్టిందని నాకు తెలియదు. తెలుసుకోవాలని అనుకోలేదు కూడా, అది ఇంకా పెద్ద తప్పు.

లేచాను.

“నా బంకర్లో ఉన్నాడమ్మా” అన్నాను.

సుబేదార్ మేజర్ గారు “ఏటీ?” అన్నారు. మళ్ళీ అన్నాను. “సోమారం పొద్దుట నుంచి బుదారం మద్దేనం దాకా మీ ఆయన నా బంకర్లోనే ఉన్నాడు. నా పక్కనే. ఎవుతీ నేదు. తాగనేదు. ఇంటికే వస్తన్నాడు. మంచుకి బండి ఆగిపోతే, బండి కోసం కూసున్నాడు.”

తర్వాతిదంతా చెప్పాను. శనివారం రాసిన ఆర్డరు, జ్వరం వచ్చినవాడు, కిరసనాయిలు క్యాను, ఆఫీసరు అడిగిన ప్రశ్న, నేనిచ్చిన జవాబు. ఏదీ దాచలేదు. చెబుతున్నంతసేపూ ఆవిడ నా నోటినే చూస్తోంది.

సుబేదార్ మేజర్ గారు నా దగ్గరికి వచ్చారు. కొడతారనుకున్నాను. కొడితే బాగుండేది. “పదేల్లుగా నా పక్కన కూసోని బడాఖానా తింటన్నావు కదరా” అన్నారు మెల్లగా. నన్నెప్పుడూ ఆయన రా అని పిలవలేదు. తర్వాత హాలు వైపు తిరిగి గొంతెత్తారు. “ఈయేల గుడ్డ తియ్యం. రికార్డు మారేదాకా ఆ రాయి అలగే ఉంటాది. కాయితం తెండి. ఈడు సెప్పిందంతా ఇక్కడే రాసి సంతకం పెడతాడు. సాచ్చి సంతకం నాది.”

ఎవరో వెనక నుంచి “పోన్లెండి సాబ్, పాత సంగతి, పెద్దోడు అయిపోనాడు” అన్నారు. “పోన్లెండి అనకండి” అని అరిచాను. “ఆ మాట అననియ్యకండి సాబ్, నాకొద్దు.” కాగితం తెచ్చారు. రాశాను. ఒక్క కొట్టివేత లేకుండా రాశాను. అదొక్కటే నాకు వచ్చిన పని. మా వంటాయన గుమ్మంలో నిలబడి చూస్తూ ఉన్నాడు. నేను బయటికి వస్తుంటే పక్కకి తప్పుకున్నాడు, బావా అనలేదు.

ఆవిడ బయట మెట్ల మీద కూర్చుంది. లోపల వడ్డన మొదలయింది, మసాలా వాసన బయటిదాకా వస్తోంది. నేను రెండు మెట్ల కింద నిలబడ్డాను. కాళ్ళ మీద పడాలనిపించింది. పడితే ఆవిడ లేవమనాలి. ఆ బరువు కూడా ఆవిడ మీదే పెట్టడం ఎందుకని ఊరుకున్నాను.

“ఇంకో మాట సెప్పు బాబూ” అంది నా వైపు చూడకుండా. “నానొక ఉత్తరం రాయించినాను. పిల్ల పుట్టి మూడు నెల్లయినా సూడ్డానికి రానేదని కోపమొచ్చి, ఇంక రావద్దు, వచ్చినా తలుపు తియ్యనని రాయించినాను. ఆ ఉత్తరం అందినాదా ఆయనికి?”

అప్పుడర్థమైంది నాకు. ఊరు అన్నది, మరిది అన్నది, అత్త అన్నది, అవన్నీ పైపైవి. ఆవిడ లోపల తొలిచింది ఇది.

“అందిందమ్మా. నాకు సదివి వినిపించినాడు.”

“ఏటన్నాడు?”

“నవ్వినాడు. ‘మా ఆడది తలుపు తియ్యదంట బావా. తియ్యకపోతే గుమ్మంలో కూసుంటాను. పిల్ల ఏడిస్తే తియ్యక సస్తాదా’ అన్నాడు. ఆ మాట పదిసార్లు అన్నాడు. మంగళారమంతా అదే మాట.”

ఇది నేను కల్పించింది కాదు. అతని గొంతుతో సహా నాకు గుర్తుంది. ఆవిడ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. తర్వాత కొంగు దించింది.

“మా అత్త పోయి నాలుగేల్లయినాది” అంది. “నా వల్లే కొడుకు రానేదని అనుకుంటూనే పోనాది. ఇప్పుడామెకి ఎవుడు సెప్తాడు?”

ఆవిడ సంచీ తీసుకుని లేచింది.

“రేపు మా ఊరు రా. ఇక్కడ మీ మిలట్రీ వోల్ల ముందల సెప్పినావు. ఈల్లెవులూ నన్నేటీ అననేదు. అన్నోల్ల ముందల సెప్పు.”

సోమవారం పొద్దున్నే బస్సెక్కాను. గజపతినగరంలో దిగి షేర్ ఆటో పట్టుకున్నాను. యుద్ధానికి పోతున్నప్పుడు కూడా ఇంత భయం వెయ్యలేదంటే నమ్మండి. ఆవిడ తన వీధి మొదట్లో నిలబడి ఉంది. లోపలికి రమ్మనలేదు, మంచినీళ్ళు ఇవ్వలేదు. “ముందు మా మరిదింటికి” అని నడిచింది.

మరిది యాభై ఏళ్ళ మనిషి. గేదెకి కుడితి పెడుతున్నాడు. ఆవిడ నా పక్కన నిలబడి “సెప్పు” అంది. చెప్పాను. అతను వింటూ వింటూ ముఖం గంటు పెట్టుకున్నాడు. “ఇప్పుడొచ్చి సెప్తే ఏటి లాబం?” అన్నాడు నా మీదికి వస్తూ.

“నీకు లాబం నేదు, నాకున్నాది. ఇన్నావు కదా. సాలు” అంది ఆవిడ. పక్కింటికి నడిచింది.

అలా ఇల్లిల్లూ తిప్పింది. వాకిలి ఊడ్చుకుంటున్నావిడని పిలిచి “ఈ బాబు సెప్పేది ఇనమ్మా” అంది. కిరాణా కొట్టు ముందు నిలబెట్టింది. రేషను కోసం బయల్దేరిన ఇద్దరు ఆడవాళ్ళని ఆపింది. ప్రతిచోటా మొదటి నుంచీ చెప్పాలి. శనివారం ఆర్డరు, నా తప్పు, ఆఫీసరు అడగడం, నా అబద్ధం. ఎక్కడైనా తొందరపడి తగ్గించి చెప్పబోతే “ఆర్డరు సంగతి ఒగ్గేసినావు, అదీ సెప్పు” అనేది. నన్ను తిట్టినవాళ్ళున్నారు. ఒకావిడ ఉమ్మేసింది, నా మీద కాదు, పక్కనే. మరొకావిడ మాత్రం ఈవిడ చెయ్యి పట్టుకుని “నానూ అన్నాను వదినా ఆ మాట” అని ఏడ్చేసింది. ఈవిడ చెయ్యి విడిపించుకోలేదు, ఓదార్చనూ లేదు. మళ్ళీ నడిచింది.

వీధి మధ్యలో ఆగి ఫోన్ కలిపింది. కూతురు శ్రీకాకుళంలో ఉద్యోగం చేస్తోందట. “మీ నాన్న సంగతి ఒకాయన సెప్తాడు, ఇను” అని ఫోన్ నా చేతికిచ్చింది. ఆ పిల్లకీ చెప్పాను. అయిపోయాక “థాంక్స్ అంకుల్” అని పెట్టేసింది. ఇందాక ఒకావిడ ఉమ్మినప్పుడు కూడా అంత బాధనిపించలేదు.

ఎండ నడినెత్తికి వచ్చింది. నా గొంతు పూర్తిగా పోయింది. వీధి చివర పెంకుటిల్లు ఒకటి మిగిలింది. లోపల మంచం మీద ఒక ముసలామె, ఎముకల గూడు. “మా అత్త చెల్లెలు” అంది ఆవిడ. ఎనభై దాటాయి, చెవులు వినపడవు, నెల రోజులుగా గంజి తప్ప ఏమీ దిగడం లేదట. అక్కాచెల్లెళ్ళిద్దరూ ఈ అరుగు మీదే కూర్చుని కోడల్ని ఆడిపోసుకునేవారట. నేను మంచం దగ్గరికి వంగి నోరు తెరిచాను. మాట రాలేదు, గాలి వచ్చింది.

“నువ్వుండు బాబూ” అని ఆవిడ నన్ను జరిపింది. మంచం పట్టె మీద కూర్చుని, ముసలామె తల ఎత్తి, చెవిలో నోరు పెట్టి వీధంతా వినపడేలా అరిచింది.

“పిన్నీ! నువ్వు మీ అక్క కాడికి ఎల్లిపోతావు కదా, ఎల్లినాక ఆమెకి ఇలగ సెప్పు. నీ కొడుకు ఎక్కడికీ పోనేదట. ఇంటికే వస్తన్నాడట. దారి మూసుకుపోనాదట, అంతే. కోడలు తప్పు నేదట. మర్సిపోకు!”

ముసలామె కళ్ళు తెరిచి ఆవిడ ముఖంలోకి చూసింది. అర్థమయిందో లేదో అనుకుంటున్నాను. ఎండిన చేత్తో ఆవిడ చెంప తడిమింది.

“సెప్తాన్లే అమ్మీ” అంది. “ముందల అదే సెప్తాను.”